చిట్టి కంప్యూటరుకు దుబాసి



దుబాసి అనే మాట మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. రెండు భాషలు వచ్చి, ఒకరి మాట మరొకరికి చేరవేసే మనిషి దుబాసి. చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకం సాగిన రోజుల్లో దుబాసి లేనిదే బేరం కుదిరేది కాదు. ఆ దుబాసీల్లో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ ఉద్యోగం పోయింది గాని ఆ పని పోలేదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న తెలుగింటి పిల్లవాడు నాయనమ్మను బ్యాంకుకు తీసుకువెళ్ళి, ఆవిడ తెలుగులో అడిగింది అక్కడి భాషలో గుమాస్తాకు చెప్పి, ఆయన జవాబును మళ్ళీ తెలుగులో వినిపిస్తున్నాడంటే వాడూ దుబాసే.

ఈనాటి ప్రసంగంలో మీకు మరో రకం దుబాసిని పరిచయం చేస్తాను. ఇది మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. చూపుడువేలంత సర్క్యూటు బోర్డులో కూర్చుని, మనం రాసిన మాటలను అక్కడి చిప్పుకు అర్థమయ్యేలా వినిపిస్తుంది. మన పిల్లల చదువుకూ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. అది తెలియాలంటే ముందు ఆ బోర్డు ఏమిటో చూద్దాం.

మీ ఇంట్లో బట్టలుతికే మెషీను ఉందనుకోండి. నీళ్ళు ఎంత నిండాయో కనిపెట్టడం, మోటారును ఎంతసేపు ఇటు, ఎంతసేపు అటు తిప్పాలో లెక్కపెట్టడం, పని అయ్యాక కూత పెట్టడం, ఇవన్నీ చేయించేది మైక్రోకంట్రోలరు అనే చిప్పు. లెక్క చేసే భాగం, గుర్తుపెట్టుకునే భాగం, బయటి తీగలతో సంబంధం పెట్టుకునే పిన్నులు, మూడూ ఆ ఒక్క చిప్పులోనే ఉంటాయి. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ఇచ్చిన ఒక్క ప్రోగ్రామునే కరెంటు ఉన్నంతసేపూ చేసుకుంటూ పోవడం దాని పని. అలాంటి చిప్పును చిన్న పలక మీద అతికించి, కంప్యూటరు కేబులుకు ఒక సాకెట్టు, తీగలు తగిలించడానికి రెండు వరసల పిన్నులు అమర్చి అమ్మితే, అది నేర్చుకునేవాళ్ళ బోర్డు.

ఇటువంటి బోర్డుల్లో బాగా పేరు పొందినది ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్సు చదవని డిజైను విద్యార్థులు కూడా వాడగలిగేటట్టు మాసిమో బాంజీ, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. బోర్డు నమూనాను దాచుకోకుండా అందరికీ తెరిచి పెట్టారు. అందువల్ల ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మన దేశంలో 2016లో మొదలైన అటల్ టింకరింగ్ లాబ్‌ల ద్వారా ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల చేతికి కూడా ఇలాంటి బోర్డులు వచ్చాయి.

బోర్డు అందింది. మరి దానితో మాట్లాడేదెలా? చిప్పుకు తెలిసినది యంత్రభాష ఒక్కటే. అది అంకెల వరస. మనిషి దాన్ని నేరుగా రాయడం గగనం. అందుకని మనం మరో భాషలో రాసి, దాన్ని యంత్రభాషలోకి మార్పించుకుంటాం. ఈ మార్పిడికి రెండు పద్ధతులున్నాయి.

మొదటి పద్ధతి పుస్తకం అనువాదం లాంటిది. రాసినదంతా ఒకేసారి యంత్రభాషలోకి మార్చి, ఆ ప్రతిని చిప్పులోకి ఎక్కిస్తారు. ఆ పని చేసేది కంపైలరు. ఆర్డుయినో బోర్డుకు మామూలుగా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసి ఇలాగే ఎక్కిస్తారు. చిప్పు చదివేది సొంత భాషలోనే కాబట్టి పని చాలా వేగంగా సాగుతుంది. అయితే ఒక్క అంకె మార్చాలన్నా మళ్ళీ అనువాదం, మళ్ళీ ఎక్కించడం.

రెండో పద్ధతి దుబాసి పద్ధతి. మనం ఒక మాట చెబుతాం, దుబాసి అప్పటికప్పుడు దాన్ని అర్థం చేసుకుని చిప్పు చేత ఆ పని చేయించి, ఫలితాన్ని మనకు చెబుతుంది. పైథాన్ అనే భాష ఇలా నడుస్తుంది. నెదర్లాండ్సుకు చెందిన గీడో వాన్ రాసమ్ 1991లో దీన్ని లోకానికి విడుదల చేశారు. ఇంగ్లీషు వాక్యానికి దగ్గరగా ఉండే ఇలాంటి భాషలను ఉన్నతస్థాయి భాషలంటారు. చిప్పు గుట్టుమట్లకు దూరంగా, మనిషి ఆలోచనకు దగ్గరగా ఉంటాయన్నమాట.

ఇక్కడే చిక్కు వచ్చింది. దుబాసి ఊరికే ఉండదు, దానికీ కూర్చోవడానికి చోటు కావాలి. 2010లో వచ్చిన ఆర్డుయినో ఊనో బోర్డులో ప్రోగ్రాము దాచుకోవడానికి ఉన్న చోటు 32 కిలోబైట్లు. పని చేసేటప్పుడు లెక్కలు పెట్టుకోవడానికి ఉన్నది 2 కిలోబైట్లు. 2 కిలోబైట్లంటే ఎంత? ఇంగ్లీషు అక్షరాలైతే 2,048 పడతాయి. తెలుగులో ఒక్కొక్క గుర్తుకు సాధారణంగా 3 బైట్లు కావాలి కాబట్టి 700 గుర్తులు కూడా పట్టవు. అంత ఇరుకులో పైథాన్ కాలు పెట్టలేదు.

అప్పటికి ఈ ఆలోచన బొత్తిగా కొత్తది కాదు. 1992లోనే అమెరికాలోని పారలాక్స్ సంస్థ బేసిక్ స్టాంప్ పేరుతో, బేసిక్ భాష తెలిసిన దుబాసిని చిప్పులో పెట్టి అమ్మింది. కాని పైథాన్ దానికంటే చాలా పెద్ద భాష. దాన్ని కుదించే పనికి పూనుకున్నది డేమియన్ జార్జ్ అనే ఆస్ట్రేలియా భౌతికశాస్త్రవేత్త. 2013లో ఆయన ప్రజల నుంచి చందాలు సేకరించి, 2014లో మైక్రోపైథాన్‌నూ, అది నడిచే బోర్డునూ బయటికి తెచ్చారు. 256 కిలోబైట్ల ప్రోగ్రాము చోటు, 16 కిలోబైట్ల పని చోటు ఉంటే చాలు, ఈ పైథాన్ అందులో సర్దుకుంటుంది.

ఆ తరువాత దారి సుగమమైంది. 2016లో బ్రిటన్‌లో పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు మైక్రోబిట్ అనే బోర్డులు సుమారు పది లక్షలు ఉచితంగా పంచారు. 25 చిన్న దీపాలు, రెండు బటన్లు ఉన్న ఆ బోర్డు మీదా మైక్రోపైథాన్ నడుస్తుంది. ఆ పేరు వెనుక ఒక జ్ఞాపకం ఉంది. 1981లో బీబీసీ మైక్రో అనే కంప్యూటరు బ్రిటిషు బడుల్లోకి వచ్చింది. 1984లో మన దేశంలో క్లాస్ పథకం కింద కొన్ని పాఠశాలలకు అందినవీ ఆ బీబీసీ మైక్రోలే. వాటి ముందు కూర్చుని బేసిక్‌లో ఒక మాట టైపు చేసి, తెర మీద వెంటనే వచ్చిన జవాబు చూసి మురిసిన విద్యార్థులు ఈనాడు మధ్యవయస్సు దాటి ఉంటారు. 2021లో రాస్ప్‌బెరీ పై పికో వచ్చింది. పొడవు 51 మిల్లీమీటర్లు, వెడల్పు 21 మిల్లీమీటర్లు. వచ్చినప్పుడు దాని ధర 4 డాలర్లు. పని చోటు 264 కిలోబైట్లు, అంటే పాత ఊనోకు 132 రెట్లు.

చేతిలో పాత ఊనో మాత్రమే ఉన్నవాళ్ళు నిరాశపడనక్కరలేదు. ఫిర్మాటా అనే పద్ధతి ఉంది. ఇందులో దుబాసి బోర్డులో కాక కంప్యూటరులో ఉంటుంది. కేబులు ద్వారా ఫలానా దీపం వెలిగించు, ఫలానా పిన్ను చదివి చెప్పు అని ఆజ్ఞలు వెళతాయి. బోర్డు ఆ ఆజ్ఞలు పాటిస్తుంది. తరగతి గదిలో నేర్చుకోవడానికి ఇది బాగుంటుంది. కాని కేబులు పీకితే పని ఆగిపోతుంది. దుబాసి బోర్డులోనే ఉన్న పికోలో అయితే, రాసిన ప్రోగ్రామును మెయిన్ డాట్ పై అనే పేరుతో బోర్డులో దాచి, బ్యాటరీ తగిలిస్తే చాలు, కంప్యూటరుతో నిమిత్తం లేకుండా నడుస్తుంది.

ఇప్పుడొక పని తీసుకుని ఇదంతా ఎలా జరుగుతుందో చూద్దాం. ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది. నిండగానే కింద కూత వినబడాలి.

ట్యాంకు మూతకు లోపలివైపు, మన చెవికి వినబడని ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనిని పట్టుకునే సెన్సరు ఒకటి బిగిస్తాం. తేమ తగిలే చోటు కాబట్టి నీరు చొరని రకమే వాడాలి. ధ్వని గాలిలో, 20 డిగ్రీల వేడిమి వద్ద, సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఒక సెంటీమీటరు దూరం పోయి తిరిగి రావడానికి 58 మైక్రోసెకన్లు పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు. ప్రతిధ్వనికి 1,740 మైక్రోసెకన్లు పట్టిందనుకోండి, 58తో భాగిస్తే నీళ్ళు 30 సెంటీమీటర్ల కింద ఉన్నాయి. నీళ్ళు పైకి వచ్చేకొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది.

నీళ్ళు పడుతున్నప్పుడు అలలు లేస్తాయి కదా, ఒక్క కొలత నమ్మలేం. అందుకని ఐదుసార్లు కొలిచి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి, నడిమిదాన్ని తీసుకుంటాం. ఇదీ ఉన్నతస్థాయి భాష సుఖం. పైథాన్‌లో వరసగా పేర్చు అనడానికి సార్టెడ్ అనే ఒక్క మాట చాలు. ఆ తరువాత నిర్ణయం: దూరం 30 కంటే తక్కువైతే బజరు మోగించు, లేకపోతే ఆపు. రాసేటప్పుడు కూడా దాదాపు ఇదే క్రమం. ఇఫ్, దూరం, తక్కువ గుర్తు, 30, కోలన్. కింది వరసలో నాలుగు ఖాళీలు వదిలి, బజర్ డాట్ ఆన్.

అంతా సజావుగా ఉంది గాని, ఇక్కడొక ఇబ్బంది తొంగిచూస్తుంది. దుబాసి ద్వారా మాట్లాడితే ఆలస్యం తప్పదు. సీ భాషలో చేసిన లెక్క కంటే మైక్రోపైథాన్‌లో చేసిన లెక్కకు పదుల రెట్లు సమయం పట్టడం మామూలే. పైగా ఈ దుబాసి అప్పుడప్పుడు పని ఆపి, వాడి పారేసిన లెక్కల కాగితాలను ఏరి చోటు ఖాళీ చేసుకుంటుంది. ఆ శుభ్రం చేసుకోవడానికి ఒక మిల్లీసెకను పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. దీపం వెలిగించే పనిలో ఆ ఆలస్యం ఎవరి కంటికీ కనబడదు. కాని ప్రతిధ్వని కోసం ఎదురుచూసే సమయంలోనే అది జరిగితే? మిల్లీసెకనంటే 1,000 మైక్రోసెకన్లు. 58తో భాగించి చూడండి, కొలతలో 17 సెంటీమీటర్ల తేడా వస్తుంది. నిండిన ట్యాంకు నిండలేదని చెబుతుంది, నీళ్ళు వీధిలో పారుతాయి.

దీనికి మైక్రోపైథాన్‌లోనే మందు ఉంది. టైమ్ పల్స్ యుఎస్ అనే ఆజ్ఞ ఒకటుంది. పిలిచేది పైథాన్ నుంచే అయినా, లోపల అది సీ భాషలో రాసి, ముందే యంత్రభాషలోకి మార్చి పెట్టినది. పిన్ను మీది సంకేతం ఎన్ని మైక్రోసెకన్లు నిలిచిందో అదే కొలిచి, దుబాసి చేతికి ఒక సంఖ్య ఇస్తుంది. ఆ తరువాత ఆ సంఖ్యతో ఏం చేయాలో తీరుబడిగా ఆలోచించడం దుబాసి వంతు.

శ్రోతలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. పైథాన్ మంచిదా, సీ మంచిదా అనే వాదనలో పస లేదు. మైక్రోసెకన్లు లెక్కపెట్టే చోట యంత్రభాష ఉండాలి. ఎప్పుడు ఏం చేయాలి అని నిర్ణయించే చోట మనిషికి దగ్గరైన భాష ఉండాలి. రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియడమే అసలు విద్య. చాలా ఏళ్ళు బ్యాటరీ మీద నడవాల్సిన పరికరానికీ, లక్షల సంఖ్యలో తయారయ్యే వస్తువుకూ సీ భాషనే ఎంచుకోవడం సబబు. నేర్చుకునే పిల్లవాడికి మాత్రం ముందు కావలసింది వేగం కాదు, జవాబు.

ఈ జవాబు సంగతి ఉపాధ్యాయులకు బాగా తెలుసు. పికోను కంప్యూటరుకు కలిపితే తెర మీద మూడు బాణపు గుర్తులు కనబడతాయి. అంటే, చెప్పండి, వింటున్నాను అని అర్థం. 2 ప్లస్ 3 అని కొడితే 5 అంటుంది. దీపాన్ని వెలిగించమంటే ఆ క్షణమే వెలుగుతుంది. 30కి బదులు 40 పెడితే ఏమవుతుంది అని పిల్లవాడు అడిగితే, పెట్టి చూడు అనవచ్చు. నలభైమంది పిల్లలకు రెండే కంప్యూటర్లున్న బడిలో, ఒక్కొక్కరికి పది నిమిషాలు దొరికితే గొప్ప. ఆ పది నిమిషాలు ప్రోగ్రాము ఎక్కేదాకా ఎదురుచూడటంలో గడవాలా, పది ప్రశ్నలు అడగడంలో గడవాలా? బోర్డులు బీరువాలో ఉండి, తనిఖీ నాడు మాత్రం బల్ల మీదికి వస్తే, అది ఏ భాష చేసిన లోపమూ కాదు.

మరి భాష ఇంగ్లీషు కదా, తెలుగు మాధ్యమంలోనో, కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాల్లోనో చదివే పిల్లలకు కష్టం కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పైథాన్ 3లో భాష తనకోసం అట్టిపెట్టుకున్న మాటలు 35 మాత్రమే. మన అక్షరమాలలోని 56 అక్షరాలకంటే తక్కువ. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, బడిలో ఒకటి చొప్పున మూడు భాషలతో పెరిగిన పిల్లలకు ఇది పెద్ద బరువు కాదు. తక్కిన పేర్లన్నీ మనం పెట్టుకునేవే. దూరం, నీళ్ళు అని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. 2008లో విడుదలైన పైథాన్ 3 నుంచి, కంప్యూటరు మీద రాసేటప్పుడు, పేర్లను తెలుగు లిపిలోనే పెట్టే వీలు కూడా ఉంది. ఈ వరస ఎందుకు రాశాను అనే వివరణను హాష్ గుర్తు పెట్టి పక్కనే రాసుకోవచ్చు. ఆ గుర్తు తరువాతి మాటలను దుబాసి పట్టించుకోదు. అది మనిషి కోసం మనిషి రాసే మాట, కాబట్టి హాయిగా తెలుగులో రాయించండి.

మన పిల్లలు ఎక్కువగా తడబడే చోటు మరొకటి. తెలుగు లిపిలో క్యాపిటల్ అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. పైథాన్‌కు ఆ తేడా ప్రాణం. క్యాపిటల్ పీతో మొదలైన పిన్ వేరు, చిన్న పీతో మొదలైన పిన్ వేరు. అలాగే వరస మొదట్లో వదిలే ఖాళీలు అలంకారం కాదు, ఏ పని ఏ షరతు కిందిదో చెప్పేవి అవే. తప్పు రాస్తే బోర్డు పాడైపోదు. ఫలానా వరసలో ఫలానా పేరు నాకు తెలియదు అని తెర మీద చెబుతుంది. ఎర్ర అక్షరాలు కనబడగానే తెర మూసేసే పిల్లలకు, ఆ వాక్యంలోని వరస సంఖ్యను వెతికి చదవడం నేర్పితే సగం భయం పోతుంది.

పాడయ్యేది ప్రోగ్రాము వల్ల కాదు, తీగల వల్ల. పికో పిన్నులు 3.3 వోల్టులకు చేసినవి. పాత ఊనో పిన్నులు 5 వోల్టులవి. 5 వోల్టులు పంపే సెన్సరు తీగను తిన్నగా పికో పిన్నుకు తగిలించకూడదు. 1 కిలో ఓము, 2 కిలో ఓముల రెసిస్టర్లు రెండు వరసగా పెట్టి, రెండోదాని మీది వోల్టేజిని తీసుకుంటే అది సుమారు 3.3 వోల్టులకు దిగుతుంది. ఇక, ఇంటి 230 వోల్టుల లైనుతో నడిచే మోటారు జోలికి పిల్లలను పోనివ్వకండి. కూత పెట్టించడం వరకే పిల్లల పని, మోటారు ఆపడం పెద్దల చేతి పని.

మొదలుపెట్టాలనుకునేవారికి సాధనం థానీ అనే ఉచిత ప్రోగ్రాము. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవారి కోసమే దీన్ని తయారుచేశారు. పికో మీది బూట్‌సెల్ బటను నొక్కి పట్టుకుని కేబులు పెడితే, బోర్డు ఒక పెన్ డ్రైవులా కనబడుతుంది. మైక్రోపైథాన్ ఫైలును అందులోకి కాపీ చేస్తే దుబాసి కొలువుకు వచ్చినట్టే. మొదటి రోజు దీపం వెలిగించి ఆర్పించండి. రెండో రోజు ఒక బటను కలపండి. మూడో రోజు ఏం చేద్దామో పిల్లలనే అడగండి. ఇంకొకరు రాసిన ప్రోగ్రామును దించుకుని నడిపించడం తప్పు కాదు, కాని అందులో ఒక్క వరసైనా మార్చి, ఏమవుతుందో ముందే ఊహించి చెప్పమనండి. ఊహ తప్పితే ఎందుకు తప్పిందో బోర్డునే అడిగి తెలుసుకుంటారు. అంతకు మించిన పాఠం ఉండదు.